వల మీద 140 బొమ్మలు: నా అనుభవం

నేను బోర్డు ఆర్టిస్టుని. అంటే ఒకప్పుడు. కిళ్లీ కొట్టు రేకు బోర్డు నుంచి లారీ వెనక ‘సౌండ్ హారన్’ దాకా, ఎన్నికలొస్తే గోడ రాతల దాకా అన్నీ రాసినవాణ్ణి. మా ఊళ్లోకి ఫ్లెక్సు మిషను వచ్చాక మూడేళ్లు తిరక్కుండానే చేతిలో పని లేకుండా పోయింది. కుర్రతనంలో ఎందుకో డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు పాసై, 42 రోజుల టీటీసీ (డ్రాయింగు టీచర్ల) ట్రైనింగు కూడా చేసి పెట్టుకున్నాను కాబట్టి బతికిపోయాను. ఆ కాగితాలు పట్టుకుని సిస్టర్ల బడికి వెళ్తే డ్రాయింగు మాస్టారుగా తీసుకున్నారు. 14 ఏళ్లయింది. నరసాపురానికి దగ్గర్లో, గోదారి పక్కనున్న ఊరు. ఊరి పేరూ బడి పేరూ రాయను, ఎందుకంటే ఇందులో నేను చేసిన వెధవ పని ఒకటుంది, దానికీ వాళ్లకీ సంబంధం లేదు.

జూలైలో ఒకరోజు హెచ్ఎం సిస్టర్ ఆఫీసు రూముకి పిలిచారు. ఆవిడది కేరళ, కానీ 20 ఏళ్లుగా ఈ డెల్టాలోనే ఉండి ఉండి ఇప్పుడు మనకంటే గట్టిగా ‘ఆయ్’ అంటారు. డిసెంబరు 8 నిష్కళంక మాత పండుగ, మా బడికి ఏడాదిలో అదే పెద్ద పండుగ. ఏటా డాన్సులూ నాటికా వేయిస్తారు, ఈసారి వాటితోపాటు రెండు రోజులు బొమ్మల ఎగ్జిబిషను పెడదాం, ఒకటో క్లాసు నుంచి పదో క్లాసు దాకా అన్ని క్లాసులవీ ఉండాలి అన్నారు. లేచి వస్తుంటే ‘హాలు నిండిపోవాలి మాస్టారూ’ అని ఇంకో మాట వేశారు. నా చెవికి ఆ మాటే ఎక్కింది. 400 పైన పిల్లలున్నారు, తలా ఒకటి గీస్తే హాలేంటి, వరండా కూడా నిండుతుంది అనుకున్నా.

ఆగస్టులో మొదటి విడత షీట్లు వచ్చాయి. ఐదో క్లాసు కట్ట విప్పాను. 43 షీట్లు. అందులో 37 షీట్లలో రెండు కొండలు. కొండల మధ్య నుంచి సగం పొద్దు, పొద్దు చుట్టూ పుల్లల్లాగా కిరణాలు, కిందికి మెలికలు తిరుగుతూ ఏరు, ఒడ్డున పెంకుటిల్లు, ఇంటి పక్కన కొబ్బరి చెట్టు, పైన పడుకున్న మూడంకెల్లాగా పక్షులు. మీరూ గీసే ఉంటారు. నేనూ గీశాను, పైగా 14 ఏళ్లుగా నేనే నేర్పుతున్నాను. ఆరోజు ఎందుకో తట్టింది, ఈ పిల్లల్లో కొండ చూసినవాడు ఎవడైనా ఉన్నాడా అని. మా డాబా ఎక్కి చూస్తే నాలుగు పక్కలా కొబ్బరి తలకాయలే, వాటి సందుల్లోంచి వరి చేలూ రొయ్యల చెరువులూ. కొండ కావాలంటే రాజమండ్రి దాటి, పోలవరం దాటి పాపికొండల దాకా పోవాలి. మరి ఈ కొండలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, నా దగ్గర్నుంచి. నాకు మా మాస్టారి దగ్గర్నుంచి.

రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్టు గ్యాలరీ ఉంది కదా, కుర్రతనంలో ఒకసారి వెళ్లి చూశాను. 1897లో పుట్టి 1925లోనే, 28 ఏళ్లు నిండకుండానే పోయిన మనిషి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర చేరదీసి బొంబాయి జె.జె. ఆర్టు స్కూలుకి వెళ్లేలా చేశాడు. అంత దూరం పోయి చదువుకొచ్చిన ఆయన మళ్లీ మన గోదారినీ మన మనుషుల్నీ వేశాడు. అప్పుడు నేను ఆ బొమ్మల ముందు నిలబడి ‘ఎంత బాగా వేశాడో’ అనుకుని బస్సెక్కేశాను. ఎలా వేశాడన్నదే చూశాను గానీ, ఏం వేశాడన్నది నా బుర్రకెక్కలేదు. దానికి 30 ఏళ్లూ, 37 కొండల షీట్లూ కావలసి వచ్చాయి.

మర్నాటి నుంచి ఒకటే షరతు పెట్టాను. కళ్లతో చూసింది గీయాలి. ఇంట్లోది, వీధిలోది, చెరువు గట్టుది, గుడిది, ఏదైనా సరే (చర్చిని మా ఊళ్లో అందరం గుడి అనే అంటాం, సిస్టర్లతో సహా). పుస్తకంలోదీ ఫోన్లోదీ వద్దు. కొండ కనపడితే షీటు వాపసు.

ఒక వారం అంతా ఏడుపులే. ‘మా ఊళ్లో ఏం లేదండి, చెరువులే అండి’ అన్నాడు ఏడో క్లాసు కుర్రాడొకడు. ఆ చెరువే గీయరా అన్నాను. ‘చెరువులో ఏం ఉంటదండి, నీళ్లే కదండి’ అని ఏదో నా మీద జాలిపడ్డట్టు చూశాడు. పది రోజుల తర్వాత వాడే ఒక షీటు తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమీ చెప్పకుండా పక్కన నిలబడ్డాడు. కాగితమంతా ముందు పసుపు క్రేయాను రుద్ది, దాని మీద నల్లది దట్టంగా పూసి, గుండుసూదితో గీకాడు. అర్ధరాత్రి చెరువు. గట్టు పొడుగునా బల్బులు, నీళ్లలో తిరుగుతూ రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు, వాటి చక్రాల నుంచి లేచే తుంపరంతా సూది గీతలే. ఓ మూల గుడిసెలో మంచం, మంచం కింద క్యారేజీ. వాళ్ల నాన్న కాపలాకి రాత్రిళ్లు చెరువు మీదే పడుకుంటాడు, వీడు అన్నం పట్టుకెళ్తాడు. అంత నలుపు నేను ఎవరికీ నేర్పలేదు. నేర్పమంటే ‘షీటు పాడైపోతుంది’ అని ఉండేవాణ్ణి.

ఆ తర్వాత వరసగా మొదలయ్యాయి. ఆరో క్లాసు అమ్మాయి ఫోను గీసింది. స్టీలు చెంబుకి ఆనించి నిలబెట్టిన ఫోను, అందులో వాళ్లమ్మ. కువైట్‌లో ఇంటి పనికెళ్లి నాలుగేళ్లయింది. గదీ మంచమూ మామ్మా అన్నీ ఉత్త పెన్సిలు, ఒక్క ఫోన్లోనే రంగులు. రంగులు అయిపోయాయా అనడిగితే, ‘లేదండి, రాత్రి కరెంటు పోయినప్పుడు చేసిందండి’ అంది. చీకట్లో ఫోను ఒక్కటే కనపడుతుంది కదా మరి.

ఇంకో అమ్మాయిది లేసు. మా వైపు లేసు అల్లని ఇల్లు తక్కువ. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక అది, 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అన్న ముద్ర) కూడా వచ్చింది. ఈ పిల్ల దాన్ని చూసి గీయబోయి, మెలికలు లెక్క తప్పిపోతుంటే విసుగొచ్చి, అమ్మమ్మ అల్లిన గుండ్రటి లేసుని షీటు కింద పెట్టి పెన్సిలు పడుకోబెట్టి రుద్దేసింది. ముడి ముడీ తేలింది. ఒకచోట అల్లిక తప్పితే ఆ తప్పూ తేలింది. ఇది గీసినట్టా, మోసం చేసినట్టా అని స్టాఫ్ రూములో చిన్న గొడవ కూడా అయింది. తెలుగు మేడం మోసమే అన్నారు. నేను షీటు తీసి ఎంపిక కట్టలో పెట్టేశాను.

అమ్మలు గీసిపెట్టినవి వెంటనే తెలిసిపోతాయి, చెప్పక్కర్లేదు. మూడో క్లాసు పిల్లాడి షీట్లో నెమలి ఈకలకి షేడింగు ఉంటే ఇంకేం అడుగుతాం. అలాంటివి పక్కన పెడితే ముగ్గురు తల్లులు వచ్చి అలిగారు.

సామాను సంగతి ఒకటి చెప్పాలి, ఎవరైనా పెట్టాలనుకుంటే పనికొస్తుంది. చార్టు పేపరు కొనొద్దు. మన డెల్టా గాలికి రెండో రోజుకే అప్పడంలా వంకరపోతుంది. కాస్త మందమున్న డ్రాయింగు షీటే మేలు, అందరికీ ఒకే సైజు, ఏ3. పోస్టరు కలర్లు వేసిన షీట్లు ఆరాయి కదా అని ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. నవంబరు ముసురులో అవి మళ్లీ తడి పీల్చుకుని అతుక్కుంటాయి. అలా 11 బొమ్మలు పోగొట్టాను, ఆ పిల్లలకి మళ్లీ గీయమని చెప్పడం కంటే అప్పు అడగడం తేలిక. మధ్యలో బటరు పేపరు వేయాలి, లేదంటే తాడు మీద ఆరేసి ఉంచాలి. క్రేయానుకి ఈ బాధ లేదు, మైనం కదా.

సిస్టర్‌కి ఒక కోరిక ఉంది. క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలం కాబట్టి బైబిలు బొమ్మలు ఒక వరస ఉండాలని. ఆదివారం జ్ఞానోపదేశానికి వెళ్లే పిల్లలకి ఆ పని అప్పచెప్పాం. నా షరతేమో చూసింది గీయాలని, మరి బెత్లెహేము ఎవరు చూశారు? నేను నోరు మూసుకున్నాను. తొమ్మిదో క్లాసులో ఒక కుర్రాడున్నాడు, వాడి గీత బాగుంటుంది. (నరసాపురంలో పుట్టిన బాపు గారి పుణ్యమా అని మా వైపు గీత కాస్త తిన్నగా ఉన్న ప్రతివాణ్ణీ ‘వీడిది బాపు చెయ్యండి’ అనేస్తారు, పాపం వీడికీ ఆ బరువు తప్పలేదు.) వాడు ఐగుప్తు పలాయనం గీశాడు. హేరోదు రాజు పసిపిల్లల్ని చంపిస్తాడని దేవదూత కల్లో చెప్తే, మరియమ్మ భర్త యోసేపు రాత్రికి రాత్రి బిడ్డనీ తల్లినీ తీసుకుని పారిపోయిన ఘట్టం. వీడి బొమ్మలో వాళ్లు పంటు (పెద్ద బల్లకట్టు) మీద గోదారి దాటుతున్నారు. నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి. మరియమ్మకి లేసు అంచు చీర, ఒళ్లో బాలయేసుకి చెవుల మీదుగా మఫ్లరు. గాడిద రెండు మోటారు సైకిళ్ల మధ్య ఇరుక్కుని నిలబడింది. ఓ పక్క తట్టలో చేపలమ్మే ఆవిడ నిద్రపోతోంది.

నేను భయపడ్డాను, నిజం చెప్తున్నా. పండుగ రోజు, ఫాదర్ గారు వస్తారు, విచారణ పెద్దలు (ఒక ఫాదర్ కిందుండే గుడి పరిధిని విచారణ అంటారు) వస్తారు. సిస్టర్ దగ్గరికి తీసుకెళ్లి ‘యోసేపు గారిని వీడు లుంగీలో వేశాడు సిస్టర్’ అన్నాను. ‘జోజప్ప గారు’ అని సరిదిద్దారు ముందు, క్యాథలిక్కులు యోసేపుని అలాగే అంటారు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి కుర్రాణ్ణి పిలిపించారు.

‘అర్ధరాత్రి పంటు ఉండదు కదరా?’

‘దేవదూత చెప్పుంటాడండి, ఆపుంటారండి.’

సిస్టర్ నవ్వలేదు. పెట్టండి అన్నారు. నేనింకా నసుగుతుంటే, వేళాంగణి మాతకి మనం చీర కట్టట్లేదా అన్నారు. గోవాలో ఏంజెలో ద ఫొన్సెకా అనే ఆయన ఎప్పుడో మరియమాతని చీరలో వేస్తే అక్కడివాళ్లు ఆయన్ని తిట్టిపోశారని, ఆయన 1967లో పోయాడని, ఇప్పుడు ఆ బొమ్మలే గొప్పగా చెప్పుకుంటున్నారని కూడా ఆవిడే చెప్పారు. నాకు ఆ పేరు అదే వినడం. డ్రాయింగు మాస్టారు నేనా ఆవిడా అనిపించింది.

చీటీల దగ్గర కొంచెం పట్టుబట్టాను. ఇంగ్లీషు మీడియం బడి, రాతలన్నీ ఇంగ్లీషులోనే ఉండాలని రూలు. చూడ్డానికి వచ్చే మామ్మలూ తాతలూ చదవాలి కదా సిస్టర్ అంటే సరేనన్నారు. ఒక్కో పిల్లాణ్ణీ పిలిచి నీ బొమ్మ పేరేంట్రా అనడిగి, వాడు ఏమంటే అది బ్రష్షుతో తెలుగులో రాశాను. ఏరగా నిలిచిన బొమ్మలు 140, చీటీలూ 140. చాలా ఏళ్ల తర్వాత చేతికి అక్షరాల పని. ఒకడు మామ్మ వాళ్లింటి గోడ మీద 1986 ఆగస్టు వరదప్పుడు నీళ్లొచ్చిన గీతా, దాని కింద నిలబడ్డ తమ్ముణ్ణీ గీశాడు. పేరేంటంటే ‘గోదారి ఎత్తు, తమ్ముడి ఎత్తు’ అన్నాడు. ఇంత మంచి పేరు నేను పెట్టలేను. గేటు మీదకి ఫ్లెక్సు వేయిస్తామని ఒకాయన ముందుకొచ్చాడు, ఆయన ఫొటో వేయాలట. 12 అడుగుల గుడ్డ తెచ్చుకుని బ్యానరు నేనే రాసేశాను. ఫ్లెక్సు మీద నాకున్న కక్ష ఆ మాత్రం తీరింది.

ఇక తగిలించడం. డిసెంబరు 5 సాయంత్రం నేను, పదో క్లాసు పిల్లలు ఆరుగురు కలిసి డబుల్ టేపుతో హాలు గోడల మీద 140 బొమ్మలూ అంటించాం. రాత్రి ఎనిమిదయింది. లైట్లు ఆర్పే ముందు ఒకసారి తలుపు దగ్గర నిలబడి చూసుకున్నా, కడుపు నిండింది. పొద్దున్నే వాచ్‌మన్ ఫోను. ‘మాస్టారూ, బొమ్మలన్నీ పడుకున్నాయండి.’

వెళ్లి చూస్తే నేలంతా షీట్లు. డిసెంబరు మంచుకి గోడ చెమ్మగిల్లింది, డిస్టెంపరు పొడిపొడిగా ఉంది, టేపు ఆ పొడిని పట్టుకుంది తప్ప గోడని పట్టుకోలేదు. ప్రతి షీటు వెనకా నాలుగు లేత నీలం మచ్చలు, గోడ మీద 560 తెల్ల మచ్చలు. వేసవిలోనే రంగులు వేయించిన గోడ. సిస్టర్ గుమ్మంలో నిలబడి గోడ వంక చూశారు, నా వంక చూశారు, జపమాల చేతిలోకి తీసుకుని వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. రేపు పొద్దున పది గంటలకి ఓపెనింగు.

ఊడుస్తున్న ఆయమ్మ అంది, ‘గోడతో పనేంటండి మాస్టారూ, వల కట్టేయండి’ అని. ఎనిమిదో క్లాసు పిల్లాడి తండ్రికి రొయ్యల చెరువులున్నాయి, పట్టుబడికి (చెరువులో రొయ్యలు పట్టే రోజు) లాగే పాత వల ఆయన షెడ్డులో పడుంది. ఫోను చేస్తే ట్రాక్టరు మీద వేసి పంపించాడు. షామియానా వాళ్ల దగ్గర సరుగుడు గెడలు తెచ్చి, హాలు చుట్టూ గోడకి అడుగు దూరంలో పాతినట్టు నిలబెట్టి (డ్రమ్ముల్లో ఇసక పోసి), వల పరిచి పురికొసతో లాగి కట్టాం. బొమ్మకి రెండు బట్టల క్లిప్పులు చొప్పున 280 కావాలి. ఊళ్లో దుకాణాలన్నీ తిరిగితే 150 దొరికాయి, మిగతావి బోర్డింగు అమ్మాయిల దండేల మీద నుంచి పీక్కొచ్చాం. ఆ రెండు రోజులూ వాళ్ల యూనిఫాములు పెరట్లో ఎక్కడెక్కడికి ఎగిరాయో వాళ్లకే తెలుసు.

వల వల్ల ఒక లాభం జరిగింది, అది నా తెలివి కాదు. గోడ మీదైతే పెద్దవాళ్ల కంటి ఎత్తుకే పెడతాం, గ్యాలరీల్లో బొమ్మ నడుమ నేల నుంచి 57 అంగుళాల దగ్గర ఉండేలా చూస్తారు. వల మీద ఎక్కడ కావాలంటే అక్కడ క్లిప్పు పడుతుంది కాబట్టి ఒకటి రెండు క్లాసుల వాళ్లవి మోకాలి ఎత్తులో పెట్టాం. వాళ్ల బొమ్మలు వాళ్లే చూసుకోవచ్చు, పెద్దవాళ్లే వంగాలి. నష్టమేంటంటే వాసన. ఎంత ఉతికినా వల వలే. సాయంత్రానికి హాలంతా పట్టుబడి రోజులా అయిపోయింది. సిస్టర్ గుడిలోంచి ధూపపాత్ర తెప్పించి సాంబ్రాణి వేయించారు. రొయ్యా సాంబ్రాణీ కలిస్తే ఎలా ఉంటుందో రాయలేను.

ఇక నా వెధవ పని. ఆ రాత్రి అందరూ వెళ్లాక ఒక్కణ్ణే ఉండి మళ్లీ అన్నీ సరిచూసుకుంటున్నాను. నేల మీద పడటం వల్ల కొన్ని నలిగాయి, కొన్నిటికి మచ్చలు. వాటికి రంగు అద్దుతూ అద్దుతూ, చెయ్యి ఊరుకోక ఒక ఐదారు బొమ్మలకి ‘ఫైనల్ టచింగు’ ఇచ్చాను. బోర్డు వాడి బుద్ధి, ఖాళీ కనపడితే ఊరుకోదు. ఐదో క్లాసు అమ్మాయిది 58వ నంబరు. ఇల్లు, నుయ్యి, పెరట్లో కొబ్బరి చెట్టు. చెట్టుకి మాను ఉంది, ఆకులు లేవు. పూర్తి చేయడం మర్చిపోయింది కాబోలు అనుకున్నా. మాను చివర ఆకుపచ్చ చుక్క ఒకటి ఒలికింది. కొబ్బరాకులు నాకు కళ్లు మూసుకున్నా వస్తాయి, లారీల మీద ఎన్ని వేశానో లెక్కలేదు. రెండు నిమిషాల్లో నిండు తల పెట్టేసి, నాలుగు కాయలు కూడా వేసి, మురిసిపోయి ఇంటికెళ్లాను.

7వ తేదీ పొద్దున్న ఎనిమిదింటికి పిల్లల్ని ముందుగా లోపలికి వదిలాం. ఈ పిల్ల వచ్చి నా చొక్కా లాగింది.

‘సార్, నా బొమ్మ కనపడట్లేదండి.’

‘అదిగోనమ్మా, 58.’

వెళ్లి చూసి మళ్లీ వచ్చింది. ‘అది నాది కాదండి.’

‘నీ పేరే ఉంది కదా.’

‘పేరు నాదేనండి. మా చెట్టుకి తల లేదండి.’

వేసవిలో పిడుగు పడి మొవ్వు మాడిపోయిందట. ఆకులన్నీ ఎండి రాలిపోయి మోడు మిగిలిందట. నాన్న కొట్టించేద్దామంటే మామ్మ పడనివ్వట్లేదట, మోడు పైన తొర్రలో చిలకలు గూడు పెట్టాయని. ఆ ఆకుపచ్చ చుక్క ఒలికిన రంగు కాదు. చిలక. దాని మీదే నేను ఆకులు వేసేశాను.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. క్రేయాను మీద పోస్టరు కలరు, చెరిపితే పోదు. కొత్త షీటు ఇస్తాను మళ్లీ గీస్తావా అంటే గడియారం చూసింది. తర్వాత ‘కత్తెర ఇస్తారాండి’ అంది. ఇచ్చాను. వలకి ఉన్న క్లిప్పులు తీసి, షీటు కింద పెట్టుకుని కూర్చుని, నేను వేసిన తలని కత్తిరించేసింది. మాను అంచు వెంబడే చాలా జాగ్రత్తగా, నాలిక పళ్ల మధ్య పెట్టుకుని, ఆకాశంతో సహా. షీటు పై భాగం పోయింది, మాను ఒక్కటే కాగితం అంచు దాటి పైకి నిలబడింది, అచ్చం మోడులా. ఆ కత్తిరించిన ముక్కలోంచి, నా కొబ్బరాకు పచ్చరంగులోంచే, వేలిగోరంత చిలకని కత్తిరించి మాను పైన ఫెవికాలుతో అంటించింది. మిగిలిన ఆకులు నా చేతికి ఇచ్చింది. ‘ఇవి మీయండి’ అంది. కోపంగా కాదు, మామూలుగానే.

నేను చెయ్యి పెట్టిన మిగతా పిల్లలు ఏమీ అనలేదు. ఒకడైతే ‘నేను బాగా వేశానండి’ అని వాళ్లమ్మకి చూపించుకున్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

సిస్టర్ రౌండుకి వచ్చి 58 దగ్గర ఆగి, ఎవరు చింపారు దీన్ని అన్నారు. జరిగింది చెప్పాను. ‘మా వాళ్లయి ఉంటే పాపసంకీర్తనానికి పంపేదాన్ని మాస్టారూ’ అని (ఫాదర్ ముందు తప్పు ఒప్పుకోవడమన్నమాట) ముందుకెళ్లిపోయారు. సరిగ్గా రెండడుగులు వేశాక ఆవిడ భుజాలు కదలడం చూశాను, నవ్వుతున్నారు. గోడ గురించి కూడా అప్పుడే క్షమించారనుకుంటా.

ఓపెనింగు గురించి చెప్పేదేం లేదు, ఫాదర్ గారు రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు. అసలు జనం 8వ తేదీ పండుగ పూజ అయ్యాక వచ్చారు, కొత్త చీరల్లో, తలల్లో పూలతో, గుడిలోంచి నేరుగా. బహుమతులు పెట్టలేదు, ఎందుకు పెట్టలేదని కొందరు నసిగారు. నేను మాత్రం ఓ కుర్చీ వేసుకుని ఎవరు ఎక్కడ ఆగుతున్నారో చూస్తూ కూర్చున్నా. రాత్రి చెరువు బొమ్మ దగ్గర రొయ్యల రైతులు ఇద్దరు పావుగంట నిలబడి, ఈ చెరువుకి నాలుగు ఏరియేటర్లు చాలతాయా చాలవా అని వాదించుకున్నారు. బొమ్మ బాగుందా లేదా అన్న మాటే రాలేదు. పంటు బొమ్మ దగ్గర ఫాదర్ గారు వంగి చేపలావిణ్ణి చూస్తూ, ఈవిడ మన విచారణేనా అన్నారు. ఆరో క్లాసు అమ్మాయి మామ్మ మనవరాలి బొమ్మ ముందు నిలబడి వీడియో కాల్ చేసి ఫోను బొమ్మకేసి తిప్పింది. కువైట్‌లో మనకంటే రెండున్నర గంటలు వెనక, అక్కడ అప్పటికింకా ఎనిమిదిన్నరే. ఫోన్లోంచి ‘నేనేంటి అంత లావున్నాను’ అని వినపడింది, తర్వాత కాసేపు ఏమీ వినపడలేదు. నేను లేచి టీకి వెళ్లిపోయాను.

58 దగ్గర ఎక్కువమంది ఆగలేదు. చిరిగిన షీటు అనుకుని పక్కకి జరిగిపోయారు. ఒక పెద్దాయన మాత్రం వేలితో చిలకని తాకి, పక్కనున్న మనవడితో ‘పిడుగు పడ్డ చెట్టురా’ అన్నాడు. చీటీ మీద ఉన్నది ‘మా పెరడు’ అంతే.

9వ తేదీ అన్నీ విప్పి, ఎవరి బొమ్మలు వాళ్లకిచ్చేసి, బోర్డింగు పిల్లల క్లిప్పులు లెక్కపెట్టి అప్పచెప్పి (నాలుగు తగ్గాయి, నా మీదే పడ్డాయి), వల ట్రాక్టరెక్కించాను. గోడకి రంగు సంక్రాంతి సెలవుల్లో వేయిస్తానన్నారు సిస్టర్, ఖర్చు ఎవరిదో ఇంకా తేలలేదు. రెండు రోజుల తర్వాత వల ఆయన ఫోను చేశాడు.

‘మాస్టారూ, వల మడతల్లో ఒక బొమ్మ ఉండిపోయిందండి. రొయ్య బొమ్మండి.’

రెండో క్లాసువాడిది. వాడు అడుగుతున్నాడు కూడా. రేపు పంపించండి అన్నాను.

‘పంపిస్తానండి. కానీ మీసాలు మరీ పొట్టిగా వేశాడండి. రొయ్యకి ఒంటికంటే పొడుగుంటాయి కదండి. కాస్త చెప్పండి వాడికి.’

అలాగే చెప్తాలెండి అన్నాను. చెప్పలేదు.